మా ఓనర్ గారి చార్లీ

ఇంగ్లండ్‌లోని సండర్‌ల్యాండ్‌లో చదువుకునే రోజుల్లో సాయంత్రాలు ఒక టేక్‌అవేలో డెలివరీ పని చేసేవాణ్ణి. సముద్రాన్ని ఆనుకుని రోకర్ అని ఒక పేట ఉంటుంది. అక్కడి ఒక కాలనీ నుంచి ఆర్డర్ వస్తే అడ్రస్ చూడగానే నవ్వొచ్చేది. గోల్‌మౌత్ క్లోజ్, మిడ్‌ఫీల్డ్ డ్రైవ్, టర్న్‌స్టైల్ మ్యూస్, ప్రమోషన్ క్లోజ్! అన్నీ ఫుట్‌బాల్ మాటలే. వెళ్లి చూస్తే మామూలు ఇళ్లే, ముందు కార్లు, వెనక బట్టలారేసుకునే జాగా. ఈ పేర్లేమిటని ఒకరోజు మా ఇంటి ఓనర్‌ని అడిగాను. ఆయన చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఆయన కప్పు పక్కన పెట్టాడంటే ఇక గంటకి తక్కువ ఉండదని తర్వాత తర్వాత తెలిసింది.

అక్కడ ఇళ్ల కంటే ముందు గ్రౌండ్ ఉండేదట. రోకర్ పార్క్. 1898 నుంచి 1997 దాకా, వందేళ్లకు ఒక్క ఏడాది తక్కువగా, సండర్‌ల్యాండ్ ఫుట్‌బాల్ క్లబ్ అక్కడే ఆడింది. ఆ తర్వాత నది ఒడ్డున మూతపడిన బొగ్గు గని జాగాలో స్టేడియం ఆఫ్ లైట్ కట్టుకుని వెళ్లిపోయారు. పాత గ్రౌండ్ కూల్చి ఇళ్లు వేశారు, పేర్లు మాత్రం వీధులకు మిగిల్చారు. ఇదంతా చెప్పి, "నువ్విందాక పార్సిల్ ఇచ్చొచ్చావే, ఆ చుట్టుపక్కలే మా చార్లీ నిలబడేవాడు" అన్నాడు.

"చార్లీ ఎవరు?" అన్నాను. ఆయన నావైపు చాలా జాలిగా చూశాడు.

ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. షిప్‌యార్డులో వెల్డర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు వేర్ నది పొడుగునా ఓడలు కట్టే ఊరది. చివరి యార్డులు 1988లో మూతపడ్డాయి. భార్య పోయాక పైన రెండు గదులు స్టూడెంట్లకు అద్దెకిచ్చాడు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి అక్కడి యూనివర్సిటీలో చదివే కుర్రాళ్లకు ఆ ఊళ్లో కొదవ లేదు, అందులో మేమూ కొందరం. మేం ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టిన ప్రతిసారీ పొగ అలారం మోగేది. ఆయన కింద నుంచి చీపురుకర్రతో సీలింగ్ మీద రెండు దెబ్బలు వేసేవాడు. అంతకు మించి మా మధ్య గొడవల్లేవు. ఆయన యాస మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం చార్లీ హర్లీ గురించి వింటూ నేర్చుకున్నాను.

చార్లీ హర్లీ పుట్టింది ఐర్లండ్‌లోని కార్క్‌లో, 1936 అక్టోబర్ 4న. నెలల పిల్లాడుగా ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లు లండన్ పక్కనున్న ఎసెక్స్‌కి వలస వచ్చారు. దాంతో మాట తీరంతా లండన్ వైపుదే. టీనేజ్‌లోనే మిల్‌వాల్ క్లబ్‌లో సెంటర్ హాఫ్ అయ్యాడు. సెంటర్ హాఫ్ అంటే డిఫెన్స్‌లో నట్టనడుమ నిలబడి అవతలి సెంటర్ ఫార్వర్డ్‌ని కాచుకునేవాడు, వీపు మీద 5 నంబరు ఉండేది. ఆ కాలంలో ఆ చోట ఆడేవాళ్లలో చాలామందికి ఒకటే విద్య తెలుసని మా ఓనర్ అనేవాడు. బంతి దొరికితే బంతిని తన్నడం, దొరక్కపోతే మనిషిని తన్నడం. హర్లీ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషే. కానీ గాల్లో వచ్చే బంతిని ఛాతీతో ఆపి, కాళ్ల దగ్గరకు దించుకుని, తలెత్తి చూసి, తనవాడికి పాస్ ఇచ్చేవాడు. తమ గోల్ ముందు, అవతలివాడు మీదికి దూకుతుంటే, అంత తాపీగా ఆ పని చేయడం చూసి మొదట్లో జనానికి గుండె దడ వచ్చేదట. "మా నాన్న కళ్లు మూసుకునేవాడు" అని చెప్పాడు.

సండర్‌ల్యాండ్‌కి రాకముందే ఒక ఆదివారం డబ్లిన్‌లో అతని పేరు మోగింది. 1957 మే 19, డేలీమౌంట్ పార్క్‌లో ఐర్లండ్‌కీ ఇంగ్లండ్‌కీ వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. పదకొండు రోజుల ముందే వెంబ్లీలో ఇదే ఇంగ్లండ్ ఐర్లండ్‌ని 5–1తో చితక్కొట్టింది. మాంచెస్టర్ యునైటెడ్ సెంటర్ ఫార్వర్డ్ టామీ టేలర్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఇప్పుడా టేలర్‌ని కాచుకోమని ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి దింపారు. లీగ్‌లో పై నుంచి మూడో అంచె అయిన థర్డ్ డివిజన్ క్లబ్ కుర్రాడు, దేశం తరఫున అదే మొదటి మ్యాచ్. మూడో నిమిషంలోనే ఆల్ఫ్ రింగ్‌స్టెడ్ ఐర్లండ్‌కి గోల్ కొట్టాడు. అక్కడి నుంచి ఆట అంతా కాపాడుకోవడమే. టేలర్‌కి సందు దొరకలేదు. జనం వాచీలు చూసుకుంటున్నారు, ఇక అయిపోయిందనగా చివరి నిమిషంలో జాన్ అటియో తలతో కొట్టి 1–1 చేశాడు. ఇంగ్లండ్ వరల్డ్ కప్‌కి వెళ్లింది, ఐర్లండ్ ఇంట్లో కూర్చుంది. పాపం, టేలర్ కూడా ఆ వరల్డ్ కప్ చూడలేదు. 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంలో పోయాడు.

ఆ మ్యాచ్ జరిగిన నాలుగు నెలలకు, సెప్టెంబర్ చివర్లో, సండర్‌ల్యాండ్ అతన్ని 20,000 పౌండ్లకు కొన్నది. క్లబ్బులు ఒకదానికొకటి వేలు ముట్టజెప్పుకునేవి గానీ, ఆడేవాడి వారం జీతం మాత్రం 17 పౌండ్లు దాటకూడదని రూలు. ఆ రూలు తప్పినందుకే ఆ ఏడాది సండర్‌ల్యాండ్ పట్టుబడింది. లెక్కల్లో చూపకుండా ఆటగాళ్లకు డబ్బిచ్చినందుకు 5,000 పౌండ్ల జరిమానా పడింది, ఛైర్మన్ మీద వేటు పడింది, మేనేజర్ రాజీనామా చేశాడు. డబ్బు నీళ్లలా ఖర్చు పెడతారని దానికి 'బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ క్లబ్' అని పేరుండేది. ఆ పేరు కాస్తా అలా తెల్లారింది. కొత్తగా వచ్చిన మేనేజర్ ఆలన్ బ్రౌన్ మహా కఠినుడు. ఆయన చేసిన మంచి పనుల్లో మొదటిది హర్లీని తేవడం.

ఇక హర్లీ మొదటి మ్యాచ్. బ్లాక్‌పూల్‌లో. 7–0తో ఓడిపోయారు.

రెండో మ్యాచ్ బర్న్‌లీలో. 6–0.

మా ఓనర్ ఇది చెప్పేటప్పుడు ఏదో ఘనకార్యం చెబుతున్నట్టు చెప్పేవాడు. "నాకప్పుడు పదమూడేళ్లు. రెండు మ్యాచ్‌లకు పదమూడు గోల్స్. ఏడాదికొకటి లెక్కన తిన్నాం" అని పడీపడీ నవ్వేవాడు. అప్పట్లో మాత్రం నవ్వి ఉండడు. శనివారం సాయంత్రం వచ్చే ఫుట్‌బాల్ ఎకో పేపర్‌ని వాళ్ల నాన్న ఆ రోజు చదవకుండానే పొయ్యిలో పెట్టాడట.

1890లో లీగ్‌లో చేరిన నాటి నుంచి సండర్‌ల్యాండ్ ఎప్పుడూ పై అంచె అయిన ఫస్ట్ డివిజన్ దాటి కిందికి పోలేదు. (సీజన్ చివర అడుగున మిగిలిన రెండు జట్లు కింది డివిజన్‌కి పడేవి, అక్కడ మొదటి రెండు ప్రమోషన్ మీద పైకొచ్చేవి.) ఆరుసార్లు ఛాంపియన్. అలాంటి క్లబ్ 1958 వసంతంలో మొదటిసారి సెకండ్ డివిజన్‌లో పడింది. అదీ ఎలా పడింది? చివరి రోజు పోర్ట్స్‌మత్ వెళ్లి గెలిచి కూడా పడింది. పోర్ట్స్‌మత్‌కీ, న్యూకాసిల్‌కీ, సండర్‌ల్యాండ్‌కీ తలా 32 పాయింట్లే. కొట్టిన గోల్స్‌ని తిన్న గోల్స్‌తో భాగించే గోల్ యావరేజ్ అనే లెక్క ఒకటి ఉండేది, అందులో వెనకబడ్డారు. పక్క ఊరి బద్ధశత్రువు న్యూకాసిల్ తప్పించుకుంది. సండర్‌ల్యాండ్ మనిషికి ఇంతకంటే మండే విషయం ఉండదు. ఆ పదమూడు గోల్స్ ఆ భాగహారంలో ఎంత బరువు తూగాయో చెప్పక్కర్లేదు.

వచ్చీ రాగానే జట్టు మునిగింది కదా, మరి ఇతన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారని అడిగాను. దానికి ఆయన మాటల్లో జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. రేకు డబ్బా, మూత మీద బొమ్మ సగం చెరిగిపోయింది. దాన్నిండా రోకర్ పార్క్ మ్యాచ్ ప్రోగ్రామ్‌లు. పలచటి కాగితం, మధ్యలో గుచ్చిన పిన్నులు తుప్పు పట్టి, వాటి చుట్టూ గోధుమరంగు మరక. లోపల రెండు జట్ల పేర్లు ఆటలో నిలబడే వరుసలో అచ్చేసి ఉంటాయి. ఎవరైనా మారితే ఆ పేరు కొట్టేసి పెన్సిల్‌తో కొత్త పేరు రాశాడు. గోల్ కొట్టిన పేరు పక్కన చిన్న గీత. స్కోరు మూలకి. అక్షరం బుద్ధిగా, గుండ్రంగా ఉంది. హర్లీ పేరు నడిమధ్యలో ఉండేది, అందుకే కాగితం మడత సరిగ్గా ఆ పేరు మీదే పడి చాలా వాటిల్లో చిరిగిపోయింది.

అందులో హర్లీ పేరు పక్కన కూడా అక్కడక్కడ గీతలున్నాయి. సెంటర్ హాఫ్ పేరు పక్కన గోల్ గీత! ఇప్పుడంటే కార్నర్ (గ్రౌండ్ మూల నుంచి గోల్ ముందుకు కొట్టే కిక్) వచ్చిందంటే పొడుగాటి డిఫెండర్లంతా అవతలి గోల్ ముందుకు పరిగెడతారు, అది మామూలు. అప్పట్లో సెంటర్ హాఫ్ మధ్యగీత దాటడమే వింత. అవతలివాళ్లు బంతి లాక్కుని ఎదురుదాడికి వస్తే వెనక ఎవరుంటారని భయం. హర్లీ వెళ్లడం మొదలుపెట్టాడు. 1960 డిసెంబర్ 26న, బాక్సింగ్ డే నాడు, షెఫీల్డ్ యునైటెడ్ మీద సండర్‌ల్యాండ్ తరఫున మొదటి గోల్ కొట్టాడు. ఇక అక్కడి నుంచి అదొక తంతు అయిపోయింది. కార్నర్ దొరికితే చాలు, జనమంతా "చార్లీ, చార్లీ" అని అరవడం మొదలెట్టేవాళ్లు. అతను పరిగెత్తేవాడు కాదట. నడుచుకుంటూ, మైదానం పొడుగునా, తాపీగా వెళ్లేవాడట. ఆ నడక సాగినంతసేపూ అరుపు పెరుగుతూ పోయేది. రోకర్ పార్క్ జనం హోరుకి 'రోకర్ రోర్' అని దేశమంతా పేరు. మా ఓనర్ సోఫాలోంచి లేచి, హాల్లో టీవీ దగ్గర నుంచి కిటికీ దాకా ఆ నడక నడిచి చూపించాడు. భుజాలు వెనక్కి, గడ్డం పైకి. మోకాళ్ల నొప్పుల మనిషి, కిటికీ దగ్గర ఎగరబోయి ఆగిపోయాడు.

సెకండ్ డివిజన్‌లో ఆరేళ్లు ఉండిపోయారు. చివరి మూడేళ్ల కథ మాత్రం వింటుంటేనే టెన్షన్.

1962లో చివరి రోజు స్వాన్సీలో గెలిస్తే పైకి. 1–1 డ్రా అయింది. ఒకే ఒక్క పాయింట్ తేడాతో లండన్ జట్టు లేటన్ ఓరియంట్ వెళ్లిపోయింది. ఆ ఓరియంట్ మేనేజర్ ఎవరయ్యా అంటే జానీ కేరీ. డబ్లిన్ వాడు, తనూ డిఫెండరే, 1948లో మాంచెస్టర్ యునైటెడ్‌కి కెప్టెన్‌గా ఎఫ్.ఏ. కప్, అంటే అన్ని డివిజన్ల క్లబ్బులూ ఆడే నాకౌట్ కప్పు, ఎత్తినవాడు. అంతే కాదు, అప్పుడు ఐర్లండ్ జాతీయ జట్టుకు మేనేజర్ కూడా ఆయనే! అంటే హర్లీకి దేశం తరఫున పెద్దదిక్కు అయిన మనిషే క్లబ్ దగ్గర నోటి కాడి కూడు లాగేసుకున్నాడన్నమాట. ఆ తర్వాత ఐర్లండ్ డ్రెస్సింగ్ రూమ్‌లో ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఏం మాట్లాడుకుని ఉంటారో అని నాకిప్పటికీ సరదాగా ఉంటుంది.

ఆ ఏడాది బాక్సింగ్ డే మ్యాచ్ ప్రోగ్రామ్ కూడా డబ్బాలో ఉంది. బరీ జట్టుతో. నేల గడ్డకట్టి ఉంది. హర్లీ ఒక పెనాల్టీ పోగొట్టాడు. కాసేపటికి బ్రయాన్ క్లఫ్ బంతి వెనక పరిగెత్తుతూ గోల్‌కీపర్‌ని గుద్దుకున్నాడు, మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. ఆ సీజన్లో గోల్స్ మీద గోల్స్ కొడుతున్న మనిషి, వయసు 27. తర్వాత రోజుల్లో డెర్బీకీ నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కీ మేనేజర్‌గా చరిత్ర సృష్టించిన క్లఫ్ ఈయనే. ఆటగాడిగా మాత్రం ఆ మధ్యాహ్నమే దాదాపు అయిపోయాడు. ప్రోగ్రామ్‌లో స్కోరు 0–1 అని ఉంది. క్లఫ్ పేరు చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసి ఉంది, ఇంకేమీ రాయలేదు. ఆ రోజు బరీకి ప్లేయర్ మేనేజర్ బాబ్ స్టోకో. ఈ పేరు మళ్లీ వస్తుంది.

1963లో మళ్లీ చివరి మ్యాచ్. ఈసారి సొంత గ్రౌండ్‌లో, చెల్సీతో. డ్రా అయినా చాలు, పైకి వెళ్లిపోవచ్చు. కార్నర్ నుంచి వచ్చిన బంతి టామీ హార్మర్ అనే బక్కపలచటి మనిషికి తగిలి లోపలికి దొర్లింది. ఎక్కడ తగిలిందో మా ఓనర్ చెప్పిన మాట ఇక్కడ రాయలేను. 0–1. చెల్సీ తర్వాతి మ్యాచ్‌లో పోర్ట్స్‌మత్‌ని 7–0తో కొట్టి, గోల్ యావరేజ్ మీద సండర్‌ల్యాండ్‌ని దాటేసింది. మళ్లీ అదే భాగహారం. ఆ ప్రోగ్రామ్‌లో స్కోరు రాసే మూల ఖాళీగా ఉంది. ఎందుకు రాయలేదని నేను అడగలేదు.

1964 వేరు. మాంట్‌గోమరీ, అర్విన్, ఆష్‌హర్‌స్ట్, హార్వీ, హర్లీ, మెక్‌నాబ్, అషర్, హెర్డ్, షార్కీ, క్రోసన్, ముల్‌హాల్. మనం చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆ ఊరి ముసలివాళ్లు ఈ పదకొండు పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెబుతారు. డెలివరీకి వెళ్లినప్పుడు ఒకాయన చిల్లర వెతుక్కుంటూ కూడా చెప్పాడు.

ఆ సీజన్ ప్రమోషన్ కంటే ముందు ఎఫ్.ఏ. కప్ క్వార్టర్ ఫైనల్ ఉంది. మాంచెస్టర్ యునైటెడ్‌తో. బాబీ చార్ల్‌టన్, డెనిస్ లా, పదిహేడేళ్ల కుర్రాడు జార్జ్ బెస్ట్ ఉన్న జట్టు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సెకండ్ డివిజన్ సండర్‌ల్యాండ్ 3–1తో ముందుంది, చివర్లో 3–3 అయింది. డ్రా అయితే మళ్లీ ఆడే మ్యాచ్, రీప్లే, రోకర్ పార్క్‌లో, మార్చి 4న, బుధవారం రాత్రి. లెక్క ప్రకారం టికెట్ కొన్నవాళ్లు 46,727 మంది. కానీ బయట ఇంకా ఎన్నో వేలమంది ఉన్నారు. తోపులాటలో గేట్లు విరిగిపోయి జనం ఒక్కసారిగా లోపలికి పడ్డారు. మా ఓనర్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాడు. మనుషుల మధ్య ఇరుక్కుని, కాళ్లు నేలకు ఆనకుండానే కొంత దూరం వెళ్లాడట. కోటు గుండీలన్నీ తెగిపోయాయి. ఇంటికి వెళ్లాక వాళ్లమ్మ గుండీల గురించే తిట్టింది గానీ ప్రాణం గురించి అడగలేదని చెప్పి నవ్వాడు. ఆట ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లింది. సండర్‌ల్యాండ్ 2–1తో ముందుంది. ఇంకో రెండు నిమిషాలు నిలబడితే చాలు, బాబీ చార్ల్‌టన్ సమం చేసేశాడు. మూడోసారి హడర్స్‌ఫీల్డ్‌లో ఆడారు. 5–1. లా మూడు కొట్టాడు. అప్పటికి కాళ్లల్లో సత్తువ లేదు.

కానీ లీగ్‌లో ఆగలేదు. ఏప్రిల్ 18న చార్ల్‌టన్ అథ్లెటిక్ జట్టు మీద 2–1తో గెలిచి ప్రమోషన్ ఖాయం చేసుకున్నారు. లీడ్స్‌కి 63 పాయింట్లు, సండర్‌ల్యాండ్‌కి 61. ఆ ఏడాది ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్ ఓటింగ్‌లో బాబీ మూర్ మొదట వచ్చాడు. రెండోవాడు సెకండ్ డివిజన్ సెంటర్ హాఫ్ చార్లీ హర్లీ. మూర్ రెండేళ్లకి ఇంగ్లండ్ కెప్టెన్‌గా వరల్డ్ కప్ పట్టుకున్నాడు కాబట్టి అతన్ని అందరూ ఎరుగుదురు. రెండోవాణ్ణి సండర్‌ల్యాండ్‌లోనే అడగాలి.

పైకి వచ్చారు కదా, సుఖపడ్డారా అంటే అదీ లేదు. బ్రౌన్ ఆ వేసవిలోనే వేరే క్లబ్‌కి వెళ్లిపోయాడు. ఫస్ట్ డివిజన్‌లోకి తిరిగొచ్చిన సీజన్‌ని మేనేజర్ లేకుండా మొదలుపెట్టారు. గోల్‌కీపర్ మాంట్‌గోమరీకి దెబ్బ తగిలింది, దాంతో లెస్టర్‌తో మొదటి మ్యాచ్‌లో డెరెక్ ఫోర్‌స్టర్ అనే పదిహేనేళ్ల పిల్లాణ్ణి గోల్‌లో నిలబెట్టారు. పదో తరగతి వయసు! ఆ పిల్లాడి ముందు 5 నంబరు చొక్కా వేసుకుని హర్లీ నిలబడ్డాడు. 3–3 డ్రా. ఆ మ్యాచ్ గురించి నాకెవరూ పెద్దగా చెప్పలేదు గానీ, హర్లీ ఆటంతటిలో ఒక్కటి చూసే అవకాశం ఇస్తే నేను ఇదే చూస్తాను. నలభై వేల పైచిలుకు జనం అరుస్తుంటే ఆ పిల్లాడికి అతను వెనక్కి తిరిగి ఏం చెప్పి ఉంటాడో వినాలని ఉంటుంది.

ఐర్లండ్ తరఫున 40 మ్యాచ్‌లు ఆడాడు. ఆ జట్టు పరిస్థితి ఇప్పటివాళ్లు నమ్మరు. కేరీ పేరుకే మేనేజర్, టీమ్‌ని ఎంచేది సెలెక్టర్ల కమిటీ. శనివారం ఇంగ్లండ్‌లో క్లబ్ మ్యాచ్ ఆడి, రాత్రి ఓడెక్కి ఐరిష్ సముద్రం దాటి, ఆదివారం డబ్లిన్‌లో దేశం కోసం ఆడటం వాళ్లకు కొత్త కాదు. కలిసి ప్రాక్టీస్ చేసేంత టైమ్ ఎక్కడిది? వరల్డ్ కప్‌కి వెళ్లిందీ లేదు. కేరీ తప్పుకున్నాక కొన్నాళ్లు హర్లీయే ఆడుతూ జట్టు బాధ్యత కూడా చూశాడు.

సండర్‌ల్యాండ్‌లో 400 మ్యాచ్‌లు దాటించి 1969లో బోల్టన్‌కి వెళ్లాడు. 1972 నుంచి 77 దాకా రెడింగ్ మేనేజర్. అక్కడ 1976లో ఫోర్త్ డివిజన్ నుంచి ప్రమోషన్ తెచ్చాడు. ఆ జట్టులో రాబిన్ ఫ్రైడే అని ఒక ఆటగాడు ఉండేవాడు. ఆటలో మాయగాడు, బయట తాగుడూ అల్లరీ. అతన్ని చిన్న క్లబ్ నుంచి తెచ్చి, భరించి, ఆడించుకున్నది హర్లీ. ఆ కథ వేరే రాయాలి.

అతని ఆట వీడియో ఉందేమోనని యూట్యూబ్‌లో చాలా వెతికాను. నలుపు తెలుపు ముక్కలు కొన్ని దొరుకుతాయి. కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది కాబట్టి వాటిల్లో డిఫెండర్ కనబడేదే తక్కువ. టేలర్‌కి డబ్లిన్‌లో సందు దొరకలేదు అంటే, దొరకని సందుని ఏ కెమెరా చూపిస్తుంది? కొట్టిన గోల్స్‌కి లెక్కలుంటాయి, ఆపిన వాటికి ఏ పుస్తకంలోనూ వరస ఉండదు. కాబట్టి హర్లీ గొప్పతనానికి నా దగ్గరున్న సాక్ష్యం మా ఓనర్, ఆయన ఫ్రెండ్స్ నలుగురు, ఆ బిస్కెట్ల డబ్బా. 1979లో క్లబ్‌కి వందేళ్లు నిండినప్పుడు శతాబ్దపు ఆటగాడు ఎవరని అభిమానులను అడిగితే, ఆరుసార్లు ఛాంపియన్లయిన పాతకాలపు జట్ల వాళ్లందరినీ కాదని, కప్పు గెలిచినవాళ్లను కాదని, వీళ్లు హర్లీకి ఓటేశారు. ఊళ్లో అతని పేరు 'కింగ్'. నాకు తోచిన కారణం ఒకటుంది. ఆ జట్టు మొట్టమొదటిసారి కిందపడినప్పుడు అతను అందులోనే ఉన్నాడు, పడి వెళ్లిపోకుండా ఆరేళ్లు అక్కడే ఉండి పైకి తెచ్చాడు. గెలుపు రోజుల్లో వచ్చినవాళ్ల మీద ఆ ఊరికి అంత గురి లేదు.

1997లో రోకర్ పార్క్‌లో ఆఖరిసారి ఆడారు, లివర్‌పూల్‌తో. 1898లో గ్రౌండ్ తెరిచినప్పుడు వచ్చిందీ ఆ జట్టే. ఆట అయ్యాక మైదానం నడిబొడ్డున ఉన్న సెంటర్ స్పాట్ మట్టిగడ్డను పారతో తవ్వి తీసి కొత్త స్టేడియానికి ఇవ్వాలి. ఆ పార హర్లీ చేతికిచ్చారు. అప్పటికి అరవై ఏళ్ల మనిషి. మా ఓనర్ ఆ రోజు స్టాండ్‌లో ఉన్నాడు. ఏడ్చారా అని అడిగితే, "సముద్రం గాలి, కళ్లల్లో ఇసుక పడింది" అన్నాడు. మే నెల.

2024 ఏప్రిల్ 22న హర్లీ గారు పోయారని న్యూస్ చూశాను. 87 ఏళ్లు. మా పాత సండర్‌ల్యాండ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో లింక్ పెట్టాను. సగం మందికి ఆయన ఎవరో తెలియదు, క్లాసులూ పార్ట్‌టైమ్‌లూ తప్ప ఊరు చూసే తీరికేది? ఒకడు మాత్రం "ఇంతకీ ఏ కప్పు గెలిచాడ్రా?" అని అడిగాడు.

ఏ కప్పూ గెలవలేదు. ఎఫ్.ఏ. కప్ ఫైనల్ కూడా ఆడలేదు. సండర్‌ల్యాండ్ ఆ కప్పు మళ్లీ గెలిచింది 1973లో, ఆయన వెళ్లిపోయిన నాలుగేళ్లకు, సెకండ్ డివిజన్‌లో ఉంటూ వెంబ్లీ ఫైనల్లో లీడ్స్‌ని 1–0తో ఓడించి. మేనేజర్ బాబ్ స్టోకో, క్లఫ్ కుప్పకూలిన రోజు బరీ తరఫున ఉన్న స్టోకోయే. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది, చేతులు చాచి పరిగెత్తుతున్నట్టు. ఒక మ్యాచ్ రోజు ఆ విగ్రహం పక్కన మా ఓనర్‌ని ఇదే అడిగాను, 1973 జట్టు గొప్పదా 1964 జట్టు గొప్పదా అని. ఆయన ఆలోచించనే లేదు.

"వెంబ్లీలో చార్లీ ఉండుంటే 1–0 కాదు, 2–0. రెండోది కార్నర్ నుంచి" అన్నాడు.